దీపపు సెమ్మె – దాని నేటి వారసులు

ఇంటికి దీప మిల్లాలు అను సామెతను పెండ్లిపందిళ్లలోను సభావేదికలపైనను మనము తఱచుగా వినుచుందుము. వినుటయే గాని, ఆ దీపము దేనిపై నిలిచినది, ఎంత యెత్తున నిలిచినది, దాని వెలుగు ఎవరి ముఖముపై పడినది అని విచారించువారు తక్కువ. రాజుల దండయాత్రలకును వంశావళులకును మనకు గ్రంథములు కలవు. ఇంటి నడుమ నిలిచి తరతరముల రాత్రులను గడపిన దీపపు సెమ్మెకు మాత్రము చరిత్ర చెప్పువారు అరుదు. ఒక సంఘము ఎవరికి వెలుగు నిచ్చెనో, ఎవరిని చీకటిలో నుంచెనో తెలిసికొనుటకు ఆ యింటి దీపములు మంచి సాక్ష్యములు. ఆ సాక్ష్యమును కొంత పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఈ విచారణ యిప్పు డేల యని చదువరు లడుగవచ్చును. హైదరాబాదు నుండి బీజాపూరు పోవు పాతదారిలో, మఱ్ఱిచెట్ల నీడను, మొయినాబాదు, చేవెళ్ల యను మండలకేంద్రము లున్నవి. కూరగాయలును పూలును పండించి నగరమునకు పంపుట ఈ పల్లెలకు వాడుక. 1908లో మూసీనది వఱద నగరమును ముంచిన పిమ్మట, 1920లో ఉస్మానుసాగరును, 1927లో హిమాయతుసాగరును ఈ ప్రాంతమునకు సమీపముననే కట్టిరి. ఆ జలాశయములలోనికి వచ్చు నీరు చెడకుండుటకై 1996లో ప్రభుత్వము 111వ ఉత్తరువును వెలువరించెను. జలాశయములకు 10 కిలోమీటర్ల లోపల నున్న 84 గ్రామములలో పరిశ్రమలకును పెద్ద కట్టడములకును అది అడ్డుకట్ట వేసెను. అందుచే మేడపై మేడ లేచుటకు మాఱుగా, మొయినాబాదు పరిసరములలో విశాలమైన తోటల నడుమ ఫార్మ్‌హౌసులు వెలసెను. 2022లో ఆ కట్టుబాట్లను సడలించుచు మఱియొక యుత్తరువు వచ్చినది.

ఇట్టి తోటయిండ్లలో కొన్నిటి ముందుగదులలో ఇప్పు డొక వస్తువు కానవచ్చుచున్నది. అది నేలపై నిలిచి, మనిషి యెత్తునకు లేచి, దీపమో శిల్పమో తెలియనట్లుండు ఫ్లోరు ల్యాంపు. పాతదైనచో, అందును పేరుపొందిన కళాకారుడు రూపించినదైనచో, దానికి వింటేజి యని గౌరవము. ఈ యింగ్లీషు మాటకు మొదటి యర్థము ద్రాక్షపంట. ఏ యేటి పంటతో చేసిన ద్రాక్షసారాయమో తెలుపుటకు వాడిన మాట క్రమముగా మేలైన పాత వస్తువుల కన్నిటికిని చెల్లినది. ఈ మాటలో నొక మెలకువ కలదు. వస్తువు పాతదైనంత మాత్రమున చాలదు. అది మంచి యేటి పంట కావలెను. ఆ కొలతతో చూచినచో మన సెమ్మె యేమైనది? పరదేశపు నిలువు దీపమునకు వేలకు వేలు పోయు నింటిలో తాతమ్మనాటి సెమ్మె ఎచ్చటికి పోయినది? దీనికి సమాధానము చెప్పవలెనన్న సెమ్మె యెట్టి వస్తువో మొదట చూడవలెను.

దీపమను మాట వెలుగుట యను అర్థము గల ధాతువునుండి పుట్టినది. దీపమును మోయు కంబమును సంస్కృతమున దీపస్తంభమనియు, కొమ్మలతో నుండుదానిని దీపవృక్షమనియు అందురు. తెలుగున అది సెమ్మె. పొట్టిదైనచో కుంది యందుము. తమిళులు కుత్తువిళక్కు అనియు, మలయాళులు నిలవిళక్కు అనియు పిలుతురు. పేర్లు వేఱైనను రూపము దాదాపుగా ఒక్కటియే. క్రింద వెడల్పైన పాదము. నడుమ కణుపులు కణుపులుగా లేచిన కంబము. పైని నూనె పోయు తొట్టి. దాని యంచున వత్తులు నిలుచు ముక్కులు. అన్నిటిపైని హంసయో మొగ్గయో.

ఈ యంగములలో కేవలము అలంకారమునకై పెట్టినది మిక్కిలి తక్కువ. పాదము వెడల్పుగను బరువుగను ఉండుటకు కారణము, ప్రాకాడు పసిబిడ్డ పట్టుకొని లేచినను సెమ్మె పడిపోకుండుటయే. కంబపు కణుపులు చేతికి పట్టు నిచ్చును. తోముటకు వీలుగా పెద్ద సెమ్మెలను మరలతో విడదీయుదురు. అంత యెత్తున నూనెతొట్టిని నిలుపుటకును ఒక కారణము కలదు. మన ప్రాంతమున దీపమునకు వాడినది ముఖ్యముగా ఆముదము. ఆ పంటకు హైదరాబాదు సంస్థానము పేరుపొందినది. ఆముదము చిక్కని నూనె. అది వత్తివెంట పైకి ఎక్కువ దూరము ప్రాకజాలదు. కావున నూనె మంట చెంతనే యుండవలెను. మంటను ఎత్తున నుంచవలెనన్న నూనెనంతయు ఎత్తున నుంచక తప్పదు. నూనె యెత్తున నుండవలెనన్న దానిని మోయుటకు బలమైన కంబము కావలెను. ఈ విధముగా ఆముదపు చిక్కదనమే సెమ్మెకు రూపము నిచ్చినది. కంచరివాడు ఆ యవసరమునకు అందమును జోడించెను.

ఇట్టి దీపమునకు అయిన వ్యయ మెంతయో మన శాసనములు చెప్పుచున్నవి. దాక్షారామ భీమేశ్వరాలయమున అఖండదీపమును వెలిగించుటకై దానమిచ్చినవారి శాసనము లనేకములు కలవు. ఒక్క దీపము సంవత్సరము పొడవున ఆరిపోకుండ వెలుగుటకు 50 పశువులను దాన మిచ్చుట అం దొక వాడుక. ఆ పశువులను బోయలకు అప్పగింతురు. వారు వానిని మేపుకొని దినమునకింత యని నేతిని కొలిచి యీయవలెను. ఒక్క దీపమునకు ఒక మంద! నేడు మీట నొక్కి పది దీపములు వెలిగించు మనకు ఈ లెక్క వింతగా తోచును. ఆ దాతలలో రాణులు, రాజోద్యోగుల భార్యలు, గుడిసానులు మున్నగు స్త్రీలును ఉన్నారు. మఱియే చరిత్రలోను పేరెక్కని స్త్రీలు దీపదానము మూలముగా రాతిపై నిలిచిరి.

కాని గుడిలో దీపము వెలిగించిన స్త్రీకి ఇంటిలో దీపపు వెలుగు దక్కినదా యను ప్రశ్న మిగులుచున్నది. రఘువంశమున ఇందుమతీస్వయంవర ఘట్టమున కాళిదాసు చెప్పిన పోలిక సుప్రసిద్ధము. రాకుమారి రాత్రివేళ రాచబాటవెంట సాగిపోవు దీపశిఖవంటిది. ఆమె దాటిపోయిన రాజులు, దీపము దాటిపోగా చీకటి క్రమ్మిన మేడలవంటివారు. దానివలననే ఆ కవికి దీపశిఖా కాళిదాసను పేరు వచ్చెను. పోలికలోని సౌందర్యము మాట యటుంచి, దాని యడుగున నున్న నిజమును చూడుడు. దీప మొక్కటి, మేడ లనేకములు. ఒకచోట వెలుగైన తోడనే మఱియొకచోట చీకటి. మన పాత యిండ్ల రాత్రులును ఇట్టివే. సెమ్మె యుండునది నడవలోనో చావడిలోనో. దాని క్రింద పురుషులు లెక్కలు వ్రాసికొందురు, పురాణము విందురు, అతిథులతో మాటలాడుదురు. వంటయింటిలో నుండునది మట్టిప్రమిద. సంజవేళ సెమ్మె వెలిగించి నమస్కరించునది ఇల్లాలు. మఱునాడు చింతపండుతో, బూడిదతో దానిని తోమి మెఱయించునదియు ఇల్లాలే. ఆ వెలుగు క్రింద పుస్తకము పట్టుకొని కూర్చుండిన యిల్లాండ్రు ఎందఱు? సామెత యామెను దీప మన్నది. దీపపు చెంత పీట వేయలేదు.

ఈ స్థితిని మొదట కదలించినది సంస్కర్తల యుపన్యాసము కాదు, ఒక పలుచని నూనె. స్విట్జర్లాండు దేశీయుడగు ఆర్గాండు 1780 ప్రాంతమున గొట్టపు వత్తితో, గాజుచిమ్నీతో క్రొత్త దీపమును కల్పించెను. పోలండు దేశీయుడు లుకాసెవిచ్ అను మందులవాడు 1853లో కిరసనాయిలు దీపమును వెలిగించెను. మన తెలంగాణమువారు గ్యాసునూనె యని పిలుచు ఆ నూనె పలుచనిది. వత్తివెంట సులువుగా పైకెక్కును. ఇక నూనెను ఎత్తున మోయవలసిన పని లేదు. బుడ్డి క్రిందనే యుండును, మంట పైని వెలుగును. దీపము చేతితో పట్టుకొని పోదగినదైనది. కందిలి చావడినుండి వంటయింటికి, వంటయింటినుండి పసులకొట్టమునకు, అచ్చటినుండి చదువుకొను పిల్లవాని చాపయొద్దకు నడచెను. పొగ, కంపు, అగ్నిభయము దానితో వచ్చిన మాట నిజమే. సెమ్మెలోని శిల్పము దానిలో లేదు. అయినను వెలుగును చావడినుండి విడిపించినది ఆ రేకు కందిలియే. అందము తగ్గి న్యాయము పెరిగిన సందర్భములు చరిత్రలో కలవు. ఇది వానిలో నొకటి.

పిమ్మట విద్యుత్తు వచ్చెను. హైదరాబాదు సంస్థానమున విద్యుచ్ఛాఖ 1910లో ఏర్పడెను. 1920లో హుస్సేనుసాగరు గట్టున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము లేచెను. ఉస్మానుసాగరు పూర్తియైన యేడును అదియే. నగరమునకు ఒకే సంవత్సరమున నీరును వెలుగును సమకూడినవి. అంతకు ముందే చౌమహల్లా సౌధపు దర్బారుగదిలో 19 స్ఫటికపు షాండిలియర్లు వ్రేలాడుచుండెను. పల్లెల సంగతి వేఱు. దేశమున పల్లెలకు విద్యుత్తు చేర్చుటకై ప్రత్యేక సంస్థ యేర్పడినది 1969లో మాత్రమే. సర్ఫెఖాసు, జాగీరు గ్రామములతో నిండిన రాజధాని పరిసరములలో సయితము, దర్బారు వెలుగుకును పల్లె వెలుగుకును నడుమ నున్న దూరము మైళ్లతో కొలువదగినది కాదు.

ఆ కందిలికాలమున పుట్టి పెరిగినవారే మనకు చదువు తెచ్చిన పెద్దలు. కొండా వెంకట రంగారెడ్డిగారు 1890లో మొయినాబాదు మండలములోని పెద్దమంగళారమున జన్మించిరి. వకీలై, 1936లో షాద్‌నగరున జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. 1978లో ఏర్పడిన జిల్లాకు వారి పేరు పెట్టిరి. చేవెళ్ల, మొయినాబాదు ఆ జిల్లాలోనివే. ఆ మహాసభ మొదటిసారి 1930లో జోగిపేటయందు కూడినప్పుడు ప్రక్కనే స్త్రీల సభయు జరిగెను. దానికి నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. హైదరాబాదున మాడపాటి హనుమంతరావుగారు 1928లో ఆంధ్ర బాలికల పాఠశాలను స్థాపించిరి. ఈ తేదీలను దీపముల చరిత్రతో కలిపి చదువవలెను. ఆడపిల్ల పగలు బడికి పోయినను, రాత్రి పాఠము చదువుకొనుటకు ఆమె చాపయొద్దకు ఒక దీపము రావలెను గదా! ఆ దీపమును ఇంటి పెద్ద యొసగెనా లేదా యనునది, సభలో చేసిన తీర్మానముకంటె గట్టి పరీక్ష.

ఇంతలో సెమ్మె యేమైనది? గ్యాసునూనెకు అది పనికిరాలేదు. విద్యుత్తుకు అసలే పనికిరాలేదు. పూజగదిలో చిన్నకుందులు నిలిచెను గాని, చావడిలోని పెద్ద సెమ్మె మూలబడెను. స్టెయిన్‌లెస్ స్టీలు సామానులు ఇంటింటికి వచ్చిన దశాబ్దములలో పాత యిత్తడిని తూకమునకు వేసి స్టీలుగిన్నెలు పుచ్చుకొనుట మన యిండ్లలో సామాన్యమైన పని. తోముట తప్పిన యిల్లాలు సంతోషించెను. ఆమెను తప్పుపట్టు హక్కు ఎన్నడును తోమనివారికి లేదు. అట్లు పోయిన సెమ్మెలలో కొన్ని కరగి పోయెను. కొన్ని నగరపు పాతవస్తువుల దుకాణములకు చేరెను. వానిలో కొన్నిటికి కంబమున రంధ్రము తొలిచి, తీగ నెక్కించి, పైని గుడ్డబుట్ట బోర్లించి, ఫ్లోరు ల్యాంపులుగా అమ్ముచున్నారు. తూకమునకు పోయిన వస్తువు శిల్పమై తిరిగి వచ్చినది. చండీగఢు కార్యాలయములకై పియరు జనరే రూపించిన కుర్చీలకును ఇట్టి గతియే పట్టెను. విఱిగిన సామానని త్రోసివేసిన కుర్చీలు పిమ్మట ఐరోపా వేలములలో పెద్దవెలలకు పోయినవి. మన వస్తువు విలువ మనకు ఇతరుల వేలపాటవలన గాని తెలియకుండుట విచారకరము.

పడమటి దేశములలో నిలువు దీపము నడచిన దారి దీనికి భిన్నమైనది. అచ్చట విద్యుత్తు వచ్చిన తరువాత దీపపు కంబము కళాకారుని చేతికి చిక్కెను. వెనీసు నగరమున మారియానో ఫోర్తూనీ 1907లో నాటకశాల వెలుగుల నిపుణతతో, ముక్కాలిపీటపై గొడుగువంటి పళ్లెమును తిప్పి నిలిపి ఒక దీపమును రూపించెను. డెన్మార్కు దేశీయుడగు పౌల్ హెన్నింగ్‌సెన్ బల్బు కాంతి కంటిని పొడుచుటను సహింపక, 1920ల నడుమ పలుపొరల రేకులతో దానిని మెత్తపఱచెను. శిల్పియైన జాకొమెట్టీ 1930లలో పారిసున జాన్ మిషెల్ ఫ్రాంకు కోరికపై సున్నపుముద్దతోను కంచుతోను దీపపు కంబములు చేసెను. మఱియొక శిల్పి ఇసాము నొగూచి 1951లో జపానులోని గిఫూ పట్టణమునకు పోయి, అచ్చటి లాంతరు పనివారి వెదురు, కాగితము చూచి, అకారి యను దీపముల నారంభించెను. ఇటలీలో అకీలె, పియెర్ జాకొమొ కాస్తిల్యోనీ యను సోదరులు 1962లో ఆర్కో యను దీపమును నిర్మించిరి. వీధిదీపమువలె వంగిన దాని కమ్మి, కప్పునకు రంధ్రము చేయకుండగనే బల్లనడుమకు వెలుగు తెచ్చును. ఆ కమ్మిని నిలుపుటకు సుమారు 65 కిలోల పాలరాతి దిమ్మ కావలసెను. ఇద్దఱు మనుష్యులు చీపురుకఱ్ఱ దూర్చి దిమ్మను ఎత్తుటకు వీలుగా దానికొక రంధ్రము పెట్టిరి.

చీపురుకఱ్ఱకు రంధ్రము పెట్టిన ఆ యాలోచనయు, పసిబిడ్డకై పాదమును బరువు చేసిన మన కంచరి యాలోచనయు ఒకే జాతికి చెందినవి. పని యడిగిన దానినుండి అందము పుట్టుట రెండింటను కానవచ్చును. మంచి దీపశిల్పమునకు ఇదియే కులము, ఇదియే గోత్రము. వింటేజియను చీటి అంటించినంత మాత్రమున అది రాదు.

ఈ పడమటి చరిత్రలో మన స్త్రీలు తెలిసికొనదగిన యొక ఘట్టము కలదు. న్యూయార్కు నగరమున టిఫనీ కార్ఖానాలో రంగుగాజు ముక్కలతో చేసిన దీపపు గొడుగులు ప్రపంచప్రసిద్ధములు. తూనీగ, విస్టీరియాపూలతీగ మున్నగు రూపములను శతాబ్దకాలము టిఫనీ సృష్టి యనియే లోకము తలచెను. 2005 ప్రాంతమున వెలుగులోనికి వచ్చిన ఉత్తరములనుబట్టి, ఆ రూపములలో ననేకము క్లారా డ్రిస్కాల్ అను నామెయు, ఆమె క్రింద పనిచేసిన స్త్రీలును కల్పించినవని తేలెను. 2007లో ఆ నగరపు చరిత్రసంఘము ఆ విషయముపై ప్రదర్శన జరిపినది. పెండ్లియైన స్త్రీకి ఆ కార్ఖానాలో చోటు లేకుండెను. దీపము చేసిన చేయి స్త్రీది. దీపముపై పేరు యజమానిది. మన సామెత గుర్తు వచ్చుచున్నది గదా! ఆ ఖండమునను ఈ ఖండమునను ఇల్లాలిని దీప మనుటకు అభ్యంతరము లేదు. దీపము చేసినది ఆమె యనుటకే అభ్యంతరము.

ఇచ్చట నొక యాక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. శిల్పమునకు ఉపయోగ మేల, చూచి సంతోషించుట చాలదా, నిలువు దీపమును చదువుకొనుటకు పనికివచ్చునా యని పరీక్షించుట గులాబిని కూరకు పనికివచ్చునా యని యడుగుటవంటిది కాదా యని కళాభిమానులు అనవచ్చును. ఈ మాటలో సత్యము లేకపోలేదు. అలసివచ్చిన కంటికి మెత్తని వెలుగును చక్కని రూపమును కలిగించు శాంతియు ఒక యుపయోగమే. అట్టిదానిని వ్యర్థవ్యయమని త్రోసివేయుట మోటుతనము. కాని దీపము గులాబి కాదు. దాని స్వభావమే తన్ను తాను చూపుకొనుట గాక ఇతరమును చూపుట. వెలిగింపని దీపమును గదిమూలను నిలిపి అతిథులకు దాని వెల చెప్పుట శిల్పాభిమానము కాదు. అది డబ్బును నిలువబెట్టి చూపుట. అంతకంటె శోచనీయము మఱియొకటి కలదు. ముందుగదిలో వెలగల దీపము నుండగా, వంటగదిలో వంటచేయు నామె తన నీడలోనే కూరలు తఱుగుకొనుచుండుట, వాకిట కావలివాని గదిలో అతని బిడ్డ చదువుకొనుటకు చాలినంత వెలుగు లేకుండుట. సెమ్మెకాలపు చీకటి సెమ్మెతో పోలేదు. అది చోటు మార్చుకొన్నది.

అందమును న్యాయమును కలిసి నడచిన ఉదాహరణము మన తెలుగువారిలోనే కలదు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము చెంత నిమ్మలకుంట యను పల్లె యున్నది. అచ్చటి కుటుంబములు తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి చెందినవి. మేకతోలును శుభ్రపఱచి, వెలుగు దూరునంత పలుచగా చేసి, ఉలితో చిల్లులు పొడిచి, రెండువైపుల రంగులు పూసి, మనిషియెత్తు బొమ్మలను చేయుదురు. తెరవెనుక మొదట ఆముదపు దీపములు, తరువాత పెట్రోమాక్సులు, ఆపైని విద్యుద్దీపములు వెలిగించి రామాయణ భారత కథలాడిరి. స్త్రీపాత్రలకు గొంతు నిచ్చినది ఆ యింటి స్త్రీలే. సినిమాయు టెలివిజనును వచ్చి ప్రేక్షకులు తగ్గగా ఆ విద్య అంతరించునేమో యను భయము కలిగెను. అప్పుడు పనివారు ఒక మాట గ్రహించిరి. తమ తోలుబొమ్మ యనగా వెలుగు ముందు నిలిచిన చిత్రమే గదా! తెరను చుట్టి వలయము చేసి, దీపమును దాని నడుమ నుంచినచో అది దీపపు గొడుగు. ఇనుపతీగ చట్రముపై తడితోలును లాగి కుట్టి, ఆరనిచ్చి, బిగిసిన తోలుపై హంసలను, నెమళ్లను, పూలతీగలను, దశావతారములను చిత్రించిరి. బల్లదీపములతో పాటు నేలపై నిలుచు పెద్దదీపములును నేడు అచ్చట తయారగుచున్నవి.

ఈ దీపము వెలిగింపనిచో మసకతోలు, వెలిగించినచో కథ. కావున దీనిని అలంకారముగా మూలను నిలిపి మఱచుట సాధ్యము కాదు. ఆంధ్రప్రదేశపు తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో భారతప్రభుత్వము పద్మశ్రీ నొసగెను. ఇచ్చట చేసినవారి పేరు చేసినవారికే దక్కినది.

తెలంగాణమునను ఇట్టి పనివారు లేకపోలేదు. జనగామ చెంత పెంబర్తి యిత్తడిపనివారు రేకుపై ఉబ్బెత్తుపని చేయుటలో కాకతీయుల కాలమునుండి పేరుపొందినవారు. ఆదిలాబాదు ప్రాంతమున ఓజులు మైనము కరగించి పోతపోయు డోక్రా విద్యతో గోండుల దేవతలకు దీపములును ప్రతిమలును చేయుదురు. బీజాపూరు దారికి ఉత్తరముగా నున్న బీదరులో నల్లని లోహమున వెండిపొదిగిన శమాదానులు చేసిరి. వీరియొద్ద కొనిన సెమ్మెకో, నిలువు దీపమునకో వింటేజి యను పేరు నేడు రాదు. కాని నేటి పంట మంచిదైనచో ముప్పదియేండ్లకు అది తానుగా వచ్చును.

ఇక పాతసెమ్మె యింటనున్నవారు కొన్ని సంగతులు తెలిసికొనుట మేలు. నూఱేండ్లు దాటిన కళావస్తువును 1972 నాటి ప్రాచీనవస్తువుల చట్టము కాపాడుచున్నది. దానిని ప్రైవేటువారు విదేశములకు ఎగుమతి చేయరాదు. కంబమునకు రంధ్రము తొలిపించుట తేలిక. తొలిచిన రంధ్రమును పూడ్చుట కాదు. తీగ నెక్కింపక, నూనెతో నెలకొకసారి వెలిగించినను సెమ్మె తన పని తాను చేయును. దానిని తోముపని ఇంటనున్న మగవారును పంచుకొనినచో సామెతకు పట్టిన మకిలియు కొంత వదలును.

క్రొత్తది కొనదలచినవారికి ఒక్క మాట. మొయినాబాదు తోటయింటికైనను, చేవెళ్ల పెంకుటింటికైనను, నగరపు రెండుగదుల యింటికైనను నిలువు దీపము తగినదే. అది ఇటలీనుండి వచ్చినను, నిమ్మలకుంటనుండి వచ్చినను దోషము లేదు. కొనుటకు ముందు దాని రూపమును చూడుడు, పాదమును చూడుడు, చేసినవారి పేరడుగుడు. కొనిన తరువాత దాని క్రింద ఒక కుర్చీ వేయుడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుందురో ముందుగనే నిశ్చయించుకొనుడు. పగలంతయు పనిచేసిన యిల్లాలు రాత్రి యొకగంట పుస్తకముతో అందు కూర్చున్ననాడు, వాకిటి గదిలోని బిడ్డకును చదువుకొనునంత వెలుగు చేరిననాడు, ఆ యింటి దీపము శిల్పమైనది, దీపమును అయినది.